ఆదివారం మాకొద్దు

గుంటూరు,
6 జనవరి 2002.

పెదనాన్నగారికి,

రమ్య నమస్కారాలు. ఫోను బూత్‌లో నా వెనక నిలబడ్డవాళ్లంతా వింటుంటే నాకు మాట పెగలదని మీకు తెలుసు. అందుకే ఉత్తరం.

మీరు ఊరు వెళ్లాక ఈరోజే మొదటిసారి నర్సింగ్ హోముకు వెళ్లాను. ఆదివారం సాయంత్రం తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు. గేటు దగ్గర బోర్డు పెట్టారు. విరిగిన కాలికి ఆపరేషన్ అయ్యాక నానమ్మను మేడ మీది హాలుకు మార్చారు. కదలలేని పెద్దవాళ్లంతా అక్కడే ఉంటారు. రోజూ వ్యాయామం చేయిస్తారనీ, మిరప కోత అయ్యేలోగా నానమ్మ నడుస్తుందనీ డాక్టరుగారు చెప్పారు.

హాలు అద్దంలా ఉంది. దుప్పటి తెల్లగా ఉంది. నానమ్మకు తల దువ్వి ముఖానికి పౌడరు రాశారు. ఆమె ముఖాన పౌడరు చూడడం నాకిదే మొదలు. మీకు కూడా అనుకుంటాను.

ఎలా ఉన్నావని అడిగితే, "నాకేంటే, రాణీలా ఉన్నా" అంది. ఆ తర్వాత అడిగినవన్నీ మిరపకాయలు ఆరబోసిన కల్లం గురించే. కాయలు రోజూ తిరగేస్తున్నారా, మబ్బు పట్టిందా అని. పక్క కల్లం వాళ్లు మిర్చి యార్డుకు వెళ్లినరోజు వాళ్ల కాయలు కూడా తిరగేయమని మీకు మరీ మరీ రాయమంది. మాట్లాడినంతసేపూ నా చెయ్యి వదల్లేదు. గంట కొట్టి అందరినీ పంపేసేటప్పుడు నేనే విడిపించుకోవాల్సి వచ్చింది.

మీ
రమ్య

చినగరువు,
11 జనవరి.

అమ్మాయి రమ్యకు పెదనాన్న దీవెనలు.

ఉత్తరం అందింది. మీ పెద్దమ్మకు చదివి వినిపించా. పౌడరు దగ్గరకొచ్చేసరికి ఒకటే నవ్వు. "పెళ్లినాడే రాయించుకోలేదంట మా అత్త, ఇప్పుడు మేకప్పా!" అంటుంది.

ఆ నర్సింగ్ హోము నేను ఊరికే ఎంచలేదమ్మా. గుంటూరంతా తిరిగి చూశా. ఒకచోట మెట్ల మీదే మందుల వాసనకు ముక్కు మూసుకుని వెనక్కి వచ్చా. ఇక్కడైతే నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు. డాక్టరు నాకు కుర్చీ వేయించి మాట్లాడాడు.

కోత జోరందుకుంది. కూలీల కోసం పక్కూరికి ట్రాక్టరు పంపుతున్నాం. కాయ కల్లంలోకి వచ్చాక ఒక్కరోజు కూడా నేను కదలడానికి లేదు. అమ్మని నువ్వే చూసుకోవాలి. మీ అమ్మానాన్నా పోయాక నిన్ను ఊళ్లో బడికి కాకుండా కాన్వెంటుకు ఎందుకు పంపానో అందరూ అడిగేవాళ్లు. ఇదిగో, ఇందుకే. అక్కడ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడు, హడలి చస్తారు.

పక్క కల్లం కాయలు కూడా తిరగేస్తున్నామని అమ్మతో చెప్పు. నేను మర్చిపోయినా పక్క కల్లం వాళ్లు ఊరుకోరు.

బుల్లయ్య

గుంటూరు,
23 జనవరి.

పెదనాన్నగారికి,

ఈరోజు మా స్కూల్లో మదర్ సుపీరియర్ పేరు పండగ, ఆమె పేరు పెట్టుకున్న సెయింటు రోజు. మధ్యాహ్నం పిల్లల్ని ఇంటికి పంపేశారు. మా టీచర్లకు కూడా సెలవే. దారిలో నర్సింగ్ హోము గేటు తెరిచి ఉంది. వాచ్‌మన్ టీకి వెళ్లినట్టున్నాడు. బోర్డు చదివి కూడా లోపలికి వెళ్లాను.

ఎలా రాయాలో తెలియడం లేదు. పౌడరు లేదు. తల అట్ట కట్టి ఉంది. పక్కగుడ్డ తడిసి ఉంది. పిలిచే గంట గోడకున్న మేకుకు వేలాడుతోంది, నానమ్మ చేతికి అందదు. దుప్పటి మార్చడానికి ఒత్తిగిలిస్తే నడుము కింద అరచేయంత మేర ఒరుసుకుపోయి పుండు పడింది.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"ఆ పిల్ల ఒక్కతే ఇంతమందికీ చేస్తుందే. ఎన్నిసార్లు పిలుస్తాం?" అంది.

ఆ పిల్ల అంటే ఫాతిమా అని ఆయా. హాలంతటికీ ఇద్దరేనట, పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఆదివారం మాత్రం బయటి నుంచి మనుషుల్ని పిలిపిస్తారట. వ్యాయామం చేయించే అతను కూడా ఆదివారమే వస్తాడట. నానమ్మ ఇంతవరకు మంచం దిగలేదు.

నానమ్మను ఇలాంటిచోట వదిలేశామా అనిపించింది. మీరు ఒక్కసారి రాగలరా?

రమ్య

చినగరువు,
28 జనవరి.

రమ్యా,

నీ ఉత్తరం చూసి మీ పెద్దమ్మ అన్నం ముట్టలేదు. నేను పొలం పోలేదు.

వదిలేశామా అని రాస్తావా? ఎవరు వదిలేశారు? మా అమ్మ కాలు జారి పడినరోజు మంచంతో సహా ట్రాక్టరెక్కించి, కుదుపు తగలకుండా ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఎవరు? ముసలామెను వదిలించుకునే వాడినైతే ఊళ్లోనే ఆకుపసరు పూయించి కూర్చోబెట్టే వాడిని కదా. చదువుకున్న పిల్లవు, పెదనాన్నని అనాల్సిన మాటేనా?

మంచానపడ్డ మనిషికి పుండు పడదా? గుడ్డ తడవదా? నువ్వు పుస్తకాల మధ్య పెరిగావు, జబ్బు మనిషిని ఎప్పుడూ చూడలేదు, అంతే. ఆదివారం వెళ్లమన్నప్పుడు ఆదివారం వెళ్లు.

బుల్లయ్య

గుంటూరు,
1 ఫిబ్రవరి.

పెదనాన్నగారికి,

మిమ్మల్ని నొప్పించాను. క్షమించండి. ఆ మాట మిమ్మల్ని అనలేదు. మీలో ఏ తప్పూ లేదు. మీరు చేయగలిగినంతా చేశారు. పెద్దమ్మను అన్నం మానవద్దని చెప్పండి.

నేను ప్రతి ఆదివారం వెళ్తున్నాను.

రమ్య

చినగరువు,
8 ఫిబ్రవరి.

అమ్మాయి రమ్యకు పెదనాన్న, పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరంతో మనసు తేలిక పడింది. అంతా బాగానే ఉందన్నావు, అదే చాలు. నేను కూడా కాస్త గట్టిగా రాశాను, మనసులో పెట్టుకోకు.

మన ఊరి కాయలు యార్డుకు తోలే ఇమాం హుస్సేన్ లారీలో డాక్టరుకు ఒక బస్తా మిరపకాయలు పంపా. మొదటి కోతలో ఏరి పక్కన పెట్టిన కాయ. రంగు పోయిన తాలు కాయ ఒక్కటున్నా నా చెవి కోసిస్తా. పైన ఒక జాడీ గోంగూర పచ్చడి. "మా అమ్మని మహారాణిలా చూస్తున్నారంట, బుల్లయ్య దండం పెట్టమన్నాడు అని చెప్పు" అని మరీ చెప్పి పంపా. గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పి వచ్చాడట. మంచికి మంచి చెప్పకపోతే ఎలా?

బుల్లయ్య

గుంటూరు,
14 ఫిబ్రవరి.

పెదనాన్నగారికి,

ఆదివారం ధైర్యం చేసి డాక్టరుగారి గదికి వెళ్లాను. పుండు గురించి చెప్పబోయాను. ఆయన మూల నిలబెట్టిన బస్తా చూపించారు. "మీ పెదనాన్నగారే ఇంత సంతోషంగా ఉన్నారు. ఆయనకు లేని బాధ నీకెందుకమ్మా?" అన్నారు. నేను థాంక్యూ చెప్పి వచ్చేశాను. గది బయటికి వచ్చాక, ఎందుకు థాంక్యూ చెప్పానో అర్థం కాలేదు.

తప్పు నాదే. బాగానే ఉందని నేను రాయలేదు పెదనాన్నా. మీ తప్పు లేదని రాశాను. ఆ రెంటికీ మధ్య రాయాల్సింది భయపడి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కల్లంలో ఒకచోట కాయలు వారం రోజులు తిరగేయకుండా వదిలేయండి. పైకి ఎర్రగానే కనబడతాయి. తర్వాత చెయ్యి పెట్టి అడుగు కాయ తీసి చూడండి. నానమ్మ వీపు అలా ఉంది. ఆదివారం మనకు చూపించేది పై కాయ.

మీరు రాలేకపోతే, ఇమాం హుస్సేన్ బాబాయిని ఆదివారం కాని రోజు ఒక్కసారి మేడ మీదికి పంపండి. ఆయన కళ్లతో చూసింది మీరు నమ్ముతారు.

రమ్య

చినగరువు,
19 ఫిబ్రవరి.

రమ్యా,

ఇమాం హుస్సేన్ వెళ్లాడు. వాచ్‌మన్ ఆపుతాడని ముందే తెలిసి, యార్డు నుంచి ఒక బస్తా భుజాన పెట్టుకు వెళ్లాడట. "డాక్టరుగారికి చినగరువు నుంచి ఇంకో బస్తా" అనేసరికి వాడే ఎదురొచ్చి తలుపు తీశాడంట. బస్తాతోనే మేడెక్కాడు.

పొద్దున నేను కల్లంలో ఉంటే లారీ దిగి, కూలీలందరి ముందూ అందుకున్నాడు. "ఒరేయ్ బుల్లయ్యా, మొన్న బస్తా పంపావు కదరా? ఆ బస్తాని చెమ్మ తగలకుండా చెక్క మీద పెట్టుకున్నారు. మీ అమ్మని తడిగుడ్డలో పడేశారు. మీ అమ్మకన్నా నీ బస్తాకే మర్యాద దక్కిందిరా!" అన్నాడు. చిన్నప్పుడు మా అమ్మ చేతి అన్నం తిన్నవాడు. ఆ మాట అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నేను చూసిందల్లా నేల. నేల మెరుస్తుంటే చాలనుకున్నా. నీ కల్లం మాట మొన్నటి నుంచి నన్ను నిద్ర పోనివ్వడం లేదు. అడుగు కాయ చూడకుండా యార్డులో ఎవడైనా సరుకు కొంటాడా? మా అమ్మని అలా పెట్టి వచ్చా.

ఇక కాయలు ఏమైనా కానీ. రేపు రెండు ట్రాక్టర్లలో మనుషులతో వస్తున్నా. ఆ డాక్టరు సంగతి చూసి, అమ్మని ఇంటికి తెచ్చేస్తా.

బుల్లయ్య

గుంటూరు,
19 ఫిబ్రవరి, సాయంత్రం.

పెదనాన్నగారికి,

మీ ఉత్తరం ఇమాం హుస్సేన్ బాబాయి యార్డు నుంచి నేరుగా హాస్టలుకు తెచ్చి ఇచ్చారు. జవాబు తీసుకుని వెళ్లడానికి బయట లారీలో కూర్చున్నారు.

ట్రాక్టర్లు తేవద్దు. నానమ్మను తీసుకుని వెళ్లవద్దు.

ఇంటికి వెళ్దామా అని మొన్న ఆదివారమే ఆమెను అడిగాను. "నడవకుండా ఊరికి రాను, నన్ను మోసుకెళ్తే ఇక జీవితాంతం మోయాల్సిందే" అంది. మన ఊళ్లో వ్యాయామం చేయించేవాళ్లు లేరు. ఇక్కడ మనిషి ఉన్నాడు, పరికరాలు ఉన్నాయి. వాటిని ఆదివారం కాకుండా మిగిలిన రోజులకు తేవాలి. అంతే.

కోత అయ్యేదాకా మన ఊరి నుంచి ఎవరో ఒకరు రోజూ యార్డుకు వస్తారు. వేలంపాట అయ్యేదాకా బస్తాల నీడన కూర్చుంటారు. కాలవ నీళ్లకు వంతులు వేసుకున్నట్టు దీనికి కూడా వంతు వేయండి. ఎవరు వస్తే వాళ్లు నానమ్మను చూసి వెళ్లాలి. మన ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా పలకరించకుండా ఎవరూ ఊరుకోరు కదా. ఇక్కడ బోర్డు చూసి ఊరుకుంటున్నాం.

బోర్డు సంగతి నేను మాట్లాడతాను. మీరు మార్చి మొదటి ఆదివారం రండి. నా పక్కన నిలబడితే చాలు. దయచేసి అరవవద్దు.

రమ్య

గుంటూరు,
4 మార్చి.

పెద్దమ్మకు,

నిన్న జరిగింది పెదనాన్న వచ్చి చెప్పే ఉంటారు. ఆయన చెప్పేదాన్లో నేను ఎక్కువ ధైర్యంగా ఉంటాను. అందుకే విడిగా మీకు రాస్తున్నాను.

నేను రెండు వారాలుగా మిగతా మంచాల వాళ్లతో మాట్లాడుతున్నాను. కరీమున్ గారని పిడుగురాళ్ల నుంచి వస్తారు, వాళ్లమ్మ నానమ్మ పక్క మంచం. మార్టూరులో రాళ్లకు పాలిష్ పట్టే ఏసోబు గారి నాన్నది కిటికీ పక్క మంచం. అందరూ పౌడరు చూసి వెళ్లిపోతున్నవాళ్లే. తమవాళ్లకే ఇలా ఉందేమో, బయటికి చెబితే సిగ్గు అనుకుంటూ ఎవరికి వాళ్లు ఊరుకున్నారట.

నిన్న అందరం కలిసి డాక్టరుగారి గదికి వెళ్లాం. తెల్లవారుజాము నుంచి వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"వారం మధ్యలో జనం వస్తే పేషెంట్లకు ఇన్‌ఫెక్షన్లు. ఆదివారం ఇచ్చాం కదా. ఇంకేం కావాలి మీకు?"

"ఆదివారం మాకొద్దండి" అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆపితే మళ్లీ మాట్లాడలేనని ఆగకుండా చెప్పేశాను. ఆదివారానికి పిలిపించే మనుషుల్ని మిగతా రోజులకు పంచండి. వ్యాయామం చేయించే అతన్ని రోజూ రమ్మనండి. ఆదివారం ఎవరినీ పిలవకండి, ఆ రోజు పనంతా మేము చేసుకుంటాం. ఎత్తుతాం, తుడుస్తాం, ఒత్తిగిలిస్తాం. గేటు మాత్రం అన్నిరోజులూ తీసి ఉంచండి.

డాక్టరుగారు నన్ను వదిలేసి పెదనాన్న వైపు తిరిగారు. "మీరు పెద్దమనుషులు. మొన్ననే కదా బస్తా పంపి మెచ్చుకున్నారు?"

పెదనాన్న అప్పటిదాకా కండువా కొస పళ్ల మధ్య కరిచిపట్టి నిలబడ్డారు. అది తీసి, నేను ఎప్పుడూ వినంత మెల్లగా అన్నారు.

"బస్తా పంపింది అడుగు చూడకముందండీ. మా అమ్మాయి చెబుతోంది, వినండి."

కరీమున్ గారు, "ఒప్పుకోకపోతే ఈ రాత్రికి మా అమ్మని తీసుకెళ్తా" అన్నారు. ఏసోబు గారు కూడా అదే అన్నారు. వెనక నుంచి ఇంకెవరో, ఇంకెవరో. హాలంతా ఖాళీ అయ్యేట్టుంది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత వాచ్‌మన్‌ని పిలిచి బోర్డు తీసేయమన్నారు.

బయటికి వచ్చాక పెదనాన్న సెంటర్లో సోడా ఇప్పించి, నేను తాగుతుంటే చూస్తూ నిలబడ్డారు.

రమ్య

చినగరువు,
22 మార్చి.

మా అమ్మాయి రమ్యకు పెదనాన్న రాసేది.

నువ్వు వేసిన వంతు ఊళ్లో ఎంత పాకిందో చూడు. కాలవ వంతు తప్పితే తిట్టుకునే జనం, అమ్మని చూసే వంతు తప్పిందని తిట్టుకుంటున్నారు. నిన్న ఇద్దరు ఆడవాళ్లు లారీ దగ్గర జుట్లు పట్టుకోబోయారు, "ఈరోజు నేను, కాదు నేను" అని. యార్డులో పని లేనివాళ్లు కూడా లారీ ఎక్కేస్తున్నారు. "ఇది మిర్చి లారీనా, పెళ్లి లారీనా?" అని ఇమాం హుస్సేన్ గోల.

మొదట్లో అమ్మ ఒక్కదాన్నే చూసి వచ్చేవాళ్లు. అమ్మ ఊరుకుంటుందా? "నన్నొక్కదాన్ని తిప్పి పోతావేమే? పక్కమంచం ఆమెను ఎవరు తిప్పుతారు, ఆమె కూతురు పిడుగురాళ్ల నుంచి రోజూ వస్తుందా?" అని తిట్టిందంట. అప్పట్నుంచి మనవాళ్లు ఈ చివర మంచం నుంచి ఆ చివర మంచం దాకా అందరినీ ఒత్తిగిలించి వస్తున్నారు. మొన్న ఏసోబు వచ్చినప్పుడు అమ్మకి గంజి పట్టించాడంట.

నేను మొన్న బుధవారం వెళ్లా. గంట అమ్మ దిండు పక్కనే ఉంది. ఆయాలు నలుగురున్నారు. ఫాతిమా నన్ను చూసి, "మీ ఊరివాళ్లు వచ్చాక నాకు కూర్చుని అన్నం తినడం అలవాటైందయ్యా" అంది. పుండు మానుముఖం పట్టింది. నేనే చెయ్యి పెట్టి చూశా. తర్వాత వ్యాయామం అబ్బాయి వచ్చి అమ్మని లేపి నిలబెట్టాడు. వాకరు పట్టుకుని, నన్ను చూసి, "ఏరా, కాయలు వదిలి వచ్చావా?" అంటూ అడుగు వేసింది. నేను తిట్లు పడుతూనే ఏడ్చా. ఈ మాట మీ పెద్దమ్మకు చెప్పకు.

ఇంగ్లీషులో మాట్లాడి హడలగొట్టమన్నాను నిన్ను. తెలుగులోనే చాలింది.

బుల్లయ్య

గుంటూరు,
9 ఏప్రిల్, మంగళవారం.

పెదనాన్నగారికి,

నడక వచ్చి మొన్ననే ఇంటికి చేరిన మనిషి పొద్దున్నే కనబడలేదని మీరు కంగారు పడి ఉంటారు. నానమ్మ నా దగ్గర ఉంది. ఇమాం హుస్సేన్ బాబాయి లారీలో వచ్చింది. క్యాబిన్‌లోకి ఎక్కించినవాళ్లు తనను బస్తాలా పట్టుకున్నారని ఇంకా తిడుతోంది. సాయంత్రం అదే లారీలో వస్తుంది. ఈ ఉత్తరం తనే తెస్తుంది, తను నోరు తెరిచేలోగా చదవండి.

స్కూలు వదిలేసరికి గేటు దగ్గర వాకరు పట్టుకుని నిలబడి ఉంది. పిల్లలంతా చుట్టూ చేరారు. "పద" అంది. ఎక్కడికని అడగలేదు.

నర్సింగ్ హోము మెట్లు పక్కనున్న కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది. నేను పట్టుకోబోతే చేతి మీద కొట్టింది. వాకరు మాత్రం మోయనిచ్చింది. పైమెట్టు మీద డాక్టరుగారు ఎదురై ఆగిపోయారు.

"సుబ్బరావమ్మగారూ! మీరు ఇంటికి వెళ్లిపోయారు కదండీ. ఇప్పుడు మీవాళ్లెవరూ లేరే ఇక్కడ. ఎవరిని చూడ్డానికి వచ్చారు?"

నానమ్మ ఊపిరి తీసుకుంది.

"ఇయ్యాళ ఆదివారం కాదుగా నాయనా?"

"కాదండీ, మంగళవారం."

"అయితే అందర్నీ" అంది.

ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నానమ్మ కరీమున్ గారి అమ్మ మంచం దగ్గరకు వెళ్లి, పలకరించడానికి ముందే ఆమె వీపు కిందకు చెయ్యి పోనిచ్చింది. కల్లంలో కుప్ప అడుగుకు పోనిచ్చినట్టే. కాసేపు అలాగే ఉంచి, తీసి, వేళ్లు రుద్దుకుని చూసుకుంది.

"పొడిగా ఉందే" అంది నాతో. తర్వాత పక్క మంచానికి నడిచింది.

మీ
రమ్య